తొంభై మూడు దాకా

జూన్ 3

లిస్టులో నా పేరుంది! నలభై మంది అప్లై చేస్తే ఆరుగురిని తీసుకున్నారు. నోటీసు బోర్డు ముందు ఎగిరి గంతేశాను. అటెండరు నవ్వాడు. నవ్వనీ, నాకేం.

డిగ్రీ పిల్లల చేత నిజమైన రీసెర్చ్ చేయించే స్కీము ఇది. ఒక్కొక్కరికి ఇద్దరేసి గైడ్లు, ఇద్దరూ వేరు వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లు. నాకు పడినవాళ్లు ఫిజియాలజీ మేడం, మతాల అధ్యయనం సార్. ఒకరు గుండె మేడం, ఒకరు మతం సార్. ఈ పేర్లు నేను పెట్టినవే, బయట అంటే తంతారు.

ప్రశ్న ఒక్కటే. ప్రార్థన చేసేటప్పుడు మనిషి ఊపిరి నెమ్మదిస్తుంది కదా, అది ప్రార్థన మహిమా, లేక కళ్లు మూసుకుని ఏదో ఒకటి వరసగా అనుకుంటూ కూర్చుంటే ఎవరికైనా అంతేనా?

చివర్లో పేపర్ వస్తే అందులో నా పేరు. మేడం రాసి, గైడ్లిద్దరూ సంతకం పెట్టే సిఫార్సు ఉత్తరం. ఆ రెండూ ఉంటే రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు. అవి లేకపోతే నా బీఎస్సీ పట్టా గోడకి తగిలించుకోవడానికే.

పిన్నికి చెబితే, అయితే ఇక మా పెద్దది సైంటిస్టన్నమాట, ముందు ఆ కాళ్లు కడుక్కుని రా, అంది.

జూన్ 5

మేడం రెండు నీలం అట్ట పుస్తకాలు ఇచ్చారు. ఒకటి ల్యాబ్ నోట్‌బుక్, ఒకటి స్పేర్. ఈ స్పేర్‌లోనే ఇది రాస్తున్నాను. మొదటి మూడు పేజీలు కాలేజీ నోట్సు వెనక రాసినవి, ఇందులో అతికించాను.

ల్యాబ్ నోట్‌బుక్‌కి ఒక రూల్. ప్రయోగంలో అనుకున్నదానికంటే ఏ కాస్త తేడా జరిగినా ఇరవై నాలుగు గంటల్లో రాసి సంతకం పెట్టాలి. చించకూడదు, కొట్టేయకూడదు. గైడ్లు ఇద్దరూ చదువుతారు. నిజాయితీ అంటే జ్ఞాపకం కాదు, కాగితం, అన్నారు మేడం. ఎంత బాగా అన్నారో! అట్ట లోపలివైపు రాసుకున్నాను.

జూన్ 18

పద్ధతి ఇది. నమ్మకం ఉన్నవాళ్లు పదిమంది, లేనివాళ్లు పదిమంది. వాలుకుర్చీలో కూర్చోబెట్టి ఛాతీకి బెల్టు కడతాం. ఊపిరి పీల్చినప్పుడల్లా కంప్యూటర్‌లో గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది. నాలుగు సెకన్లకోసారి చిన్న పెట్టె టక్కుమంటుంది. మొదటి గుంపు ఆ టక్కుకి తమ ప్రార్థనలో ఒక్కో మాట అనుకోవాలి. రెండో గుంపు రెండు వందల నుంచి ఒక్కో అంకె వెనక్కి లెక్కపెట్టుకోవాలి. పైకి అనకూడదు. పది నిమిషాలు.

మొదటి గుంపు నాలుగు రోజుల్లో నిండిపోయింది. రెండో గుంపే దొరికి చావడం లేదు. క్యాంపస్‌లో డ్రైవర్లు, గుమాస్తాలు, తోటమాలి అందరినీ అడిగాను. దేవుడు లేడని ఊరంతా వాదించే లైబ్రరీ గుమాస్తా కూడా ఫారం ముందు పెట్టేసరికి నీళ్లు నమిలాడు. రాతపూర్వకంగా ఎందుకమ్మా, అన్నాడు.

జూన్ 27

తొమ్మిది మంది. ఇంకొక్కరు కావాలి. మేడం రోజూ అడుగుతున్నారు.

జూన్ 28

పిన్నిని అడిగాను.

అడగకూడదని తెలుసు. చిట్టి పోయి ఆరేళ్లయింది. ఆ రోజు నుంచి పిన్ని దేవుడి మాట ఎత్తలేదు. తిట్టనూ లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన మనిషి గురించి ఎలా మాట్లాడకుండా ఉంటామో అలా ఉంటుంది. చిట్టి నాకు చెల్లెలు, పిన్ని కూతురు. తొమ్మిదేళ్లు. గుండెలో రంధ్రం. ఆపరేషన్‌కి తీసుకెళ్లారు, తీసుకురాలేదు. నేను డిగ్రీకి ఇక్కడికి వచ్చినప్పుడు పిన్ని చిట్టి మంచం నాకిచ్చింది. రెండేళ్లుగా దాని మీదే పడుకుంటున్నాను. కాళ్లు బయటికి వస్తాయి.

పిన్ని మా క్యాంపస్ క్యాంటీన్‌లోనే పని చేస్తుంది. మూడు నుంచి నాలుగు దాకా ఖాళీ. సూదులూ అవీ ఉన్నాయా అని మాత్రం అడిగింది. లేవన్నాను. సరేలే, నీకు పనికొస్తుందంటే కూర్చుంటాను, కూర్చోబెట్టి ఎవరిస్తారు నాకు పది నిమిషాలు, అంది.

జూలై 2

పదిహేడో నెంబరు: పిన్ని. వచ్చింది ఆఖరునే, నెంబర్లు మాత్రం చీటీలు తీసి వేసినవి.

అంగీకార పత్రం చదివి వినిపించాను. ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా, మీ వివరాలు వెనక్కి తీసుకోవచ్చు, అన్నచోట ఆపి మళ్లీ చదవమంది. తన కాపీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఇంతవరకూ పంతొమ్మిది మంది ఆ కాపీని కుర్చీలోనే వదిలేసి పోయారు. నమ్మకం అన్న గడిలో లేదు అని తనే టిక్కు పెట్టింది.

గీత చూసి నోరు తెరిచాను. మొదట నిమిషానికి పదిహేను ఊపిర్లు. అందరికీ అంతే, పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా. ఏడో నిమిషం దాటేసరికి అయిదు! మొత్తం ఇరవై మందిలో ఇంత నెమ్మదైన ఊపిరి లేదు, ప్రార్థన గుంపులో కూడా.

బెల్టు విప్పుతుంటే, అయిపోయిందా అప్పుడే, అంది పిన్ని.

జూలై 9

గుండె మేడం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ప్రార్థన అక్కర్లేదు, అంకెలు చాలు! ఏ నమ్మకమూ లేని మనిషి ఉత్త లెక్కతో ఈ ప్రశాంతతకి చేరింది! ఆగస్టు ప్రదర్శనకి వేసే పోస్టర్ మధ్యలో పదిహేడో నెంబరు గీతే పెట్టమన్నారు. మతం సార్ మొహం మాడ్చుకుని కూర్చున్నారు. ఆ తరవాత కారిడార్‌లో నన్నాపి, ఊపిరి కొలిచారు సరే, మనిషిని కొలిచారా, అన్నారు. మేడం అది విని, ఆయన కొలతబద్ద చూపించమను, అన్నారు. ఇద్దరి మధ్యా నలిగి చస్తున్నాను. అయినా సంతోషంగానే ఉంది.

జూలై 16, మధ్యాహ్నం

డేటా శుభ్రం చేస్తుంటే దొరికింది. ముందు ఇక్కడ రాస్తాను.

పిన్ని గీత ఆరు నిమిషాల నలభై సెకన్ల దాకా మామూలే. అక్కడినుంచి ప్రతి ముప్ఫై రెండు సెకన్లకీ ఒకసారి ఊపిరి చిన్నగా ఆగుతోంది. ఆరు సార్లు. ఒక్క సెకను అటూ ఇటూ లేదు. ముప్ఫై రెండు సెకన్లంటే ఎనిమిది టక్కులు. ఆరు నిమిషాల నలభైకి రావాల్సిన అంకె నూరు. అక్కడినుంచి ఎనిమిదో టక్కుకి తొంభై మూడు.

పిన్ని తొంభై మూడు దగ్గర ఆగి, మళ్లీ నూరుకి వెళ్లింది. ఆరు సార్లు.

ఇది ఎవరూ కనిపెట్టలేదు, మేడం కూడా. నేను కనిపెట్టాను!

జూలై 16, సాయంత్రం

పిన్ని బట్టలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని, ఏదో పొడుపుకథ విప్పినదానిలా నవ్వుతూ అడిగాను. తొంభై మూడు దగ్గర ఏం చేశావ్ పిన్నీ, దొరికిపోయావ్, అన్నాను. దొరికిపోయావ్ అన్నాను. ఈ మాట నేనే అన్నానని ఇక్కడ ఉండాలి.

బాబాయి చొక్కా మడత పెట్టడం పూర్తి చేసింది. తరవాత చెప్పింది.

ఆపరేషన్ గదిలో చిట్టి ఏడుస్తుంటే మత్తు డాక్టరు పిన్నిని లోపలికి రానిచ్చాడట. మాస్కు పెట్టి, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమ్మా, అన్నాడట. చిట్టి పిన్ని వేలు పట్టుకుని లెక్కపెట్టింది. ఇద్దరూ కలిసి. తొంభై మూడు అంది. ఇక అనలేదు. అదే దాని ఆఖరి మాట.

రోజూ లెక్కపెట్టుకుంటాను పెద్దదీ, గిన్నెలు తోముతూ, నడుస్తూ, ఎప్పుడంటే అప్పుడు, అంది. తొంభై మూడు దాకా అది నాతోనే ఉంటుంది. ఆ కిందకి నేనెందుకు పోవాలి? మళ్లీ మొదటికొస్తాను.

నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు కదా, నీ పరీక్ష పాడయిందా, అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. లేదన్నాను. మీ బాబాయికి కూడా తెలీదు, కడుపులో పెట్టుకో, అంది. పెట్టుకుంటానన్నాను.

జూలై 17

ల్యాబ్ నోట్‌బుక్‌లో రాశాను.

ఇరవై నాలుగు గంటల రూల్. పదిహేడో నెంబరు సూచన పాటించలేదు. కారణం రాయాలి. కారణం అన్నచోట ఒక్క లైను సరిపోయేది: నూరు నుంచి తొంభై మూడు మధ్య మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. నేను పద్నాలుగు లైన్లు రాశాను. మాస్కు, వేలు, ఆఖరి మాట, అన్నీ. తేదీ వేసి సంతకం పెట్టాను.

నిజాయితీ అనుకున్నాను. పూర్తిగా అదే కాదు. ఎంత గొప్ప సంగతి కనిపెట్టానో ఇద్దరూ చదవాలి అనిపించింది. రాస్తున్నంతసేపూ బాగా రాస్తున్నానని కూడా అనిపించింది. ఛీ.

ఇక్కడ రాయాల్సింది అక్కడ రాశాను.

జూలై 21

గుండె మేడం చదివి, పాపం, అన్నారు. తరవాత, తలలో ఏం జరిగిందో మన బెల్టుకి తెలీదు, అంకెలు లెక్కపెట్టమన్నాం, అంకెలే లెక్కపెట్టింది, డేటా ఉంచు, అన్నారు. ఆ అంకెలు ఆవిడకి ఉత్త అంకెలు కావు మేడం, అన్నాను. పేపర్‌కి పదిమంది కావాలని ముందే రిజిస్టర్ చేశాం, పదిహేడుని తీసేస్తే తొమ్మిది, తరవాత నీ ఇష్టం, అన్నారు. నా ఇష్టమట.

మతం సార్ అయితే కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే. ఇదే ప్రార్థనంటే, నమ్మకం లేదని టిక్కు పెట్టిన మనిషి లోపల ఇంత పెద్ద ప్రార్థన! అన్నారు. మేడం గుంపులోంచి పిన్నిని లాక్కుని తన గుంపులో వేసుకున్నంత ఆనందం ఆ మొహంలో. ఇది మా పిన్ని సార్, ఎవరికీ చెప్పొద్దంది, అన్నాను. అయ్యో, పేరు ఎందుకు వాడతామమ్మా, నైతికత మాకు తెలీదా, అన్నారు.

పేరు సంగతి కాదు సార్, అనాల్సింది. అనలేదు. సిఫార్సు ఉత్తరం మీద ఇద్దరి సంతకాలూ కావాలి.

ఆగస్టు 2

పోస్టర్ అయిపోయింది. మధ్యలో పిన్ని ఊపిరి, నీలం రంగులో, మూడడుగుల పొడుగు.

ఆగస్టు 11

ఈ రోజు ప్రదర్శన. పెద్ద హాలు. నా పది నిమిషాలూ బాగానే చెప్పాను. నోట్‌బుక్ సంగతి ఎత్తలేదు. చప్పట్లు కొట్టారు.

చివర్లో మతం సార్ ముగింపు మాటలు. ఈ క్యాంపస్‌లోనే ఒక చిన్న పని చేసుకునే తల్లి, అని మొదలుపెట్టారు. ఆరేళ్ల క్రితం, తొమ్మిదేళ్ల కూతురు, ఆపరేషన్ బల్ల, మత్తు మాస్కు. నా పద్నాలుగు లైన్లే. నా మాటలే, ఒక్క కామా మార్చలేదు. తొంభై మూడు, అని ఆగారు. ఎంతసేపు ఆగాలో బాగా తెలుసు ఆయనకి. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు.

వెనక తలుపు దగ్గర పిన్ని నిలబడి ఉంది. చేతిలో టీ ట్రే.

నాకు తెలియాలి కదా. క్యాంపస్‌లో ఏ మీటింగుకైనా టీ క్యాంటీన్ నుంచే వస్తుంది. ఆ సంగతి ఎలా మర్చిపోయాను?

ట్రే వదిలేయలేదు. కప్పు ఒలకలేదు. ఆయన మాట్లాడడం అయ్యేదాకా నిలబడి, తరవాత వరస వరసకీ వచ్చి టీ ఇచ్చింది. మతం సార్‌కి కూడా ఇచ్చింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతూ మొహం చూడకుండానే థాంక్స్ అన్నారు. నాకూ ఇచ్చింది. తీసుకున్నాను. తీసుకోకుండా ఏం చేయాలో తెలీలేదు.

బెస్ట్ ప్రాజెక్ట్ మాదే. సర్టిఫికెట్ బ్యాగులో ఉంది, ఇంట్లో బయటికి తీయలేదు.

ఆగస్టు 12

పిన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం పెట్టింది. పెద్దదీ అని పిలవలేదు. నన్ను దేనితోనూ పిలవలేదు.

ఆగస్టు 14

క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోయింది. క్యాంపస్‌లో చిన్న పని చేసుకునేవాళ్లు ఎందరు, వాళ్లలో ఆరేళ్ల క్రితం తొమ్మిదేళ్ల కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు ఎందరు? దీనికి పరిశోధన అక్కర్లేదు. క్యాంటీన్ మేనేజరు పిన్నిని పిలిచి, నువ్వేనటగా, ఫేమస్ అయిపోయావ్, అన్నాడట. ఇది బాబాయి చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు. తనకీ ఆ సంగతి బయటివాళ్ల ద్వారానే తెలిసింది. ఆరేళ్లు నా పక్కనే కూర్చుని లెక్కపెట్టుకుంది, నాకే తెలీలేదు, అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు, గట్టి మనిషి. పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మతం సార్ దగ్గరికెళ్లి అరిచాను. నిజంగా అరిచాను, కారిడార్‌లో తలుపులు తెరుచుకున్నాయి. ఆయన నొచ్చుకున్నారు. ఆవిడ దుఃఖానికి నేను గౌరవమే ఇచ్చానమ్మా, ఆ హాల్లో ఎంతమంది కదిలిపోయారో చూశావుగా, అన్నారు. ఆవిడ టీ ఇచ్చింది సార్ మీకు, అన్నాను. ఎవరు, అన్నారు.

ఆగస్టు 19, మూడున్నర

పిన్ని ల్యాబ్‌కి వచ్చింది. తలుపు దగ్గర చెప్పులు విప్పింది, ఇక్కడ ఎవరూ విప్పరు. ఏప్రాన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

మేడం, పదిహేడో నెంబరు తీసేయాలండీ, అంది.

నాతో. నన్ను మేడం అంది, నన్ను అండీ అంది. ఎగతాళిగా అయినా అనలేదు. కౌంటర్ దగ్గర పనున్న మనిషి ఎలా అంటుందో అలా అంది.

వెనక్కి తీసుకునే ఫారం ఇచ్చాను. కారణం, ఐచ్ఛికం, అని ఒక గడి. రాయక్కర్లేదు పిన్నీ, అన్నాను. రాసింది. చిన్నప్పటి గుండ్రటి అక్షరాలు: ఇప్పుడు లెక్క కుదరట్లేదు.

అర్థం కాక చూశాను. మొదలుపెడితే ఆ సారు గొంతు వస్తోందండీ, అంది. తొంభై ఏడు దగ్గరికొచ్చేసరికి చిట్టి గొంతు పోయి ఆయన గొంతు వస్తోంది. ఆపైన కుదరట్లేదు. మీ దగ్గర ఉన్నది తీసేస్తే పోతుందేమోనని వచ్చాను.

పోదు పిన్నీ. ఆ మాట అనకుండా సంతకం చోటు వేలితో చూపించాను. పిన్ని సంతకం పెట్టి, చెప్పులేసుకుని, నాలుగు కాకముందే వెళ్లిపోయింది.

ఆగస్టు 19, అయిదు

పేపర్ పంపేది శుక్రవారం. పంపాక వెనక్కి తీసుకునే వీల్లేదని ఫారం కిందే ఉంది. గుండె మేడం ఫారం చూశారు, క్యాలెండర్ చూశారు. ఈ రోజు బుధవారమే కదా, దీన్ని నువ్వు సోమవారం నాకు ఇచ్చినా ఇచ్చినట్టే, అన్నారు. గొంతు చాలా మెత్తగా ఉంది. నీ భవిష్యత్తు గురించే చెబుతున్నా, అన్నారు.

ఫారం బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను. అవును, పెట్టుకుని వచ్చాను. నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు ఇది రాస్తున్నది.

ఆగస్టు 20

పొద్దున్న ఎనిమిదికి వెళ్లి పదిహేడో ఫైలు తీసేశాను. కాపీలు మూడు చోట్ల ఉన్నాయి, మూడూ తీసేశాను. పోస్టర్ గోడ మీంచి దింపి చుట్టాను. ల్యాబ్ నోట్‌బుక్‌లో రాశాను: పదిహేడో నెంబరు వెనక్కి తీసుకున్నారు. ఒకటే లైను. ఇప్పుడొచ్చింది నాకు ఒక్క లైనులో రాయడం.

ఆ పద్నాలుగు లైన్లు మాత్రం అందులోనే ఉన్నాయి. చించకూడదు, కొట్టేయకూడదు.

పేపర్ ఆగిపోయింది. మేడం అరవలేదు. తొమ్మిది మందితో ఏం చెబుతాం, రేపటికి పదో మనిషిని ఎక్కడ తెస్తాం, అని కంప్యూటర్ వైపు తిరిగారు. ఉత్తరం సంగతి అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. మతం సార్ ఏదో సభలో ఉన్నారట, వేరే ఊళ్లో. ఏం మాట్లాడుతున్నారో నాకు తెలుసు. గీత తీసేయడానికి ఫారం ఉంది. కథ తీసేయడానికి లేదు.

క్యాంటీన్‌కి వెళ్లి, తీసేశాను పిన్నీ, అన్నాను. మంచిదండీ, అంది. చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. పెదాలు కదలడం లేదు. ఇన్నాళ్లూ కదిలేవేమో, నేనే చూడలేదేమో.

సెప్టెంబర్ 1

హాస్టల్లో చేరాను. నేనే అడిగాను, వాళ్లు వద్దనలేదు. బాబాయి పెట్టె మోసుకొచ్చి దింపాడు. చిట్టి మంచం మీద దుప్పటి మడత పెట్టి వచ్చాను. పిన్ని టిఫిన్ డబ్బా ఇచ్చింది. మూత గట్టిగా ఉంది, జాగ్రత్తండీ, అంది.

సెప్టెంబర్ 23

ఇన్‌స్టిట్యూట్ అప్లికేషన్‌కి ఈ రోజు ఆఖరు. పంపలేదు. ఉత్తరం గడి ఖాళీగా ఉంటే వాళ్ల సిస్టమే తీసుకోదు.

అక్టోబర్ 4

పిన్ని ఫోన్ చేసింది. ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఊపిరి వినిపిస్తోంది. గడియారం చూస్తూ కూర్చున్నాను, అలవాటు.

నిమిషానికి ఇరవై రెండు.